షూనేమీయురాలి ప్రయాణము

"ఇంత ఆలస్యముగా తెచ్చినావేమమ్మా?"

ప్రియ పాఠకులారా, ఈ ప్రశ్నను ఆసుపత్రి వసారాలలో నేనెన్ని పర్యాయములు వింటినో లెక్కలేదు. నేను సంఘసేవలో ప్రవేశించి 27 సంవత్సరములు దాటినవి. ఆ కాలమంతయు పల్నాటి పల్లెలలోనే గడిచినది. రాత్రివేళ కాపరికి వచ్చు పిలుపులలో సగము జబ్బుచేసిన బిడ్డలను గూర్చినవే. అందుచేత ఆ ప్రశ్న నా చెవులకు బాగుగా అలవాటైనది. అడుగువారు ఒకప్పుడు డాక్టరుగారు, ఒకప్పుడు నర్సమ్మ, ఒకప్పుడు చూడవచ్చిన చుట్టము. అడుగువారెవరైనను, జవాబు చెప్పవలసినది మాత్రము తల్లియే. తండ్రి ప్రక్కనే నిలిచియున్నను ఆయననెవరును అడుగరు. ఆమె తల వంచుకొనును. జవాబు లేక కాదు; ఆ జవాబు చాల పొడుగైనది, వినుటకు అక్కడ ఎవరికిని తీరిక లేదు.

ఆ పొడుగైన జవాబును మనము తీరికగా వినవలెనని నా కోరిక. అందుకు పరిశుద్ధ గ్రంథములోని ఒక తల్లి మనకు తోడు రాగలదు.

రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములో షూనేము అను ఊరి స్త్రీ చరిత్ర యున్నది. ప్రసంగములలో మనము ఆమె విశ్వాసమును గూర్చియు, ఎలీషా చేసిన అద్భుతమును గూర్చియు చెప్పుకొందుము. అది సరియే. అయితే అదే అధ్యాయమును జబ్బుబిడ్డ గల తల్లి కన్నులతో ఒకసారి చదివిచూడుడి. అది కోతకాలము. బాలుడు పొలములో తండ్రియొద్ద ఉండగా తలనొప్పియని మొరపెట్టెను. ఎండదెబ్బయై యుండునని వ్యాఖ్యానకర్తలనేకులు తలంచుచున్నారు. తండ్రి ఏమి చేసెను? బిడ్డను తల్లియొద్దకు మోసికొనిపొమ్మని పనివానితో చెప్పెను. తాను కోత విడిచి వెళ్లలేదు. మధ్యాహ్నమువరకు బిడ్డ ఆమె ఒడిలోనే యుండి ప్రాణము విడిచెను. ఆమె వానిని ప్రవక్త మంచముపై పరుండబెట్టి, తలుపు మూసి, పెనిమిటిని పిలిచి, ఒక పనివానిని ఒక గాడిదను పంపుమని అడిగెను. అమావాస్య కాదు, విశ్రాంతిదినము కాదు, నేడెందుకు పోవుదువని ఆయన అడిగెను. ఆమె ఒక్క మాటతో సరిపెట్టి బయలుదేరెను. హెబ్రీ భాషలో అది నిజముగా ఒక్క మాటయే. షాలోమ్ అను పదము. అంతా క్షేమమే యని దాని భావము. క్షేమము కానిదానిని క్షేమమని చెప్పి బయటపడిన తల్లి ఆమె. ఆ వేళ వాదించుటకు ఆమెకు సమయము లేదు.

షూనేమునుండి కర్మెలు పర్వతము ఇంచుమించు 25, 30 కిలోమీటర్ల దూరము. అంత దూరము పరుగున పోయి ఆమె ప్రవక్త పాదములు పట్టుకొనగా, సేవకుడైన గేహజీ ఆమెను త్రోసివేయుటకు దగ్గరకు వచ్చెను. ఆమె ప్రాణము నొచ్చియున్నది, విడువుమని ప్రవక్త అడ్డుపడవలసి వచ్చెను.

కాబట్టి ఆ తల్లి దాటిన గడపలు నాలుగు. బిడ్డ సంగతి తానే గ్రహించుకొనవలసి వచ్చెను. పెనిమిటి ప్రశ్నను దాటవలసి వచ్చెను. గాడిదను సంపాదింపవలసి వచ్చెను. గేహజీని దాటవలసి వచ్చెను. ఆశ్చర్యమేమనగా, 1994లో థడ్డియస్, మెయిన్ అను ఇద్దరు పండితులు, కాన్పు సమయములో తల్లులు చనిపోవుటకు కారణములను విచారించి, ఆలస్యములు మూడు విధములని వ్రాసిరి. చికిత్సకు పోవలెనని నిశ్చయించుకొనుటలో ఆలస్యము, ఆ స్థలమునకు చేరుటలో ఆలస్యము, చేరిన పిమ్మట తగిన చికిత్స దొరకుటలో ఆలస్యము. నేటికిని వైద్యలోకములో తల్లుల విషయములోను బిడ్డల విషయములోను ఈ లెక్కనే వాడుచున్నారు. షూనేమీయురాలు వారి పుస్తకము చదువలేదు గాని ఆ మూడింటిని తన కాళ్లతో నడిచి చూచినది.

ఇప్పుడు మన ఊళ్లకు వత్తము. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో 14 నెలల ఆడబిడ్డ విరేచనములతో చనిపోయెను. సమాధి దగ్గర, మన్ను వేయుచుండగానే, "తల్లి అశ్రద్ధ" అను మాట వెనుకనుండి వినబడెను. ఆ మాట నన్ను విడువలేదు. తరువాత పరామర్శకు పోయినప్పుడు, ఆ తల్లి నోట ఆ మూడు దినముల సంగతి గంట గంటకు విన్నాను. దానినిక్కడ చెప్పుట అవసరమని తోచుచున్నది.

మంగళవారము ఉదయము విరేచనములు పట్టుకొనెను. ఆసుపత్రికి పోదుమని ఆమె అనగా అత్తగారు, "పళ్లొచ్చేటప్పుడు మామూలేనే, నీ మొగుడికి కూడా ఇట్టాగే అయింది" అనెను. నీళ్లు పట్టిన కొలది నీళ్లుగానే పోవునని చెప్పి నీళ్లు తగ్గించిరి. సాయంకాలమునకు తగ్గకపోగా, ఆమె ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గరకు పోయి ఒక సీసా మందు అప్పుమీద తెచ్చెను. బుధవారము ఇరుగుపొరుగువారు దిష్టియనిరి. ఒక పెద్దావిడ ఉప్పు మిరపకాయలు తిప్పి నిప్పులలో వేసెను. మధ్యాహ్నము ఆమె గుంటూరు మిరపయార్డులో బస్తాలు మోయుచున్న పెనిమిటికి ఫోను చేసెను. "గురువారం కూలి డబ్బులొస్తాయి, నేనొచ్చినాక పోదాం" అని ఆయన అనెను. ఆయన దుర్మార్గుడు కాడు. చేతిలో డబ్బు లేని మనిషి. ఆ రాత్రి బిడ్డ కన్నులు లోతుకు పోయెను. గురువారము తెల్లవారుజామున ఆమె పొరుగింట 200 రూపాయలు బదులు తీసికొని, పెద్దపిల్లవానిని అత్తకు అప్పగించి, మొదటి బస్సు ఎక్కెను. దగ్గరి ఆరోగ్యకేంద్రములో ఆ దినము డాక్టరుగారు లేరు. పట్టణమునకు పొమ్మనిరి. పట్టణములో చీటీ కిటికీ దగ్గర వరుస. ఆధార్ కార్డు ఇంటిలో మరచి వచ్చెను. లోపలికి చేరునప్పటికి పదకొండు గంటలైనది. అక్కడ ఆమెను అడిగిన మొదటి ప్రశ్న, నేను మొదట వ్రాసినదే. బిడ్డ ఆ మధ్యాహ్నమే ప్రభువు నొద్దకు చేరెను.

ఈ లెక్కలో ఆ తల్లి ఊరకున్న పూట ఏది? ఆమె ఒక్క గంటయు కూర్చుండలేదు. తనకు తెలిసిన ప్రతి తలుపు తట్టినది. తట్టిన తలుపుల వరుస తప్పినది గాని, తట్టుట తప్పలేదు. ఆ వరుసను ఏర్పరచినవారు ఇతరులు.

కాబట్టి మొదటి గడపను గూర్చి ఆలోచింతము. జబ్బునకు మనము పెట్టు పేరే కాళ్లకు దారి చూపును. దిష్టి యన్నచో ఉప్పు మిరపకాయలవైపు పోదురు. బాలగ్రహమన్నచో తాయెత్తువైపు పోదురు. అమ్మవారన్నచో వేపాకువైపు పోదురు. మందు వాడిన అమ్మవారికి కోపమని ఆసుపత్రి మానుదురు. పళ్లు వచ్చుచున్నవన్నచో ఎక్కడికిని పోరు. కొన్నిచోట్ల బిడ్డ పొట్టమీద వాతలు పెట్టు క్రూరమైన ఆచారము ఇంకను పూర్తిగా పోలేదు. మనము క్రైస్తవులమైనను ఈ పేర్లు మన ఇండ్లలోను వాడుకలో నున్నవి. బాప్తిస్మముతో మాట మారదు, నేర్పుచేత మారును.

ఆ నేర్పు తల్లి చేతికి వచ్చినప్పుడు ఎంత బలముగలదో 1971లో లోకము చూచినది. తూర్పు బెంగాలు యుద్ధమువలన లక్షలాది శరణార్థులు మన దేశములోనికి రాగా, బనగావ్ శిబిరములో కలరా వ్యాపించెను. నరములలోనికి ఎక్కించు సెలైను సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబీస్‌గారు ఉప్పులును గ్లూకోజును కలిపిన పొట్లములు కట్టించి, నీళ్లలో కలిపి త్రాగించుడని రోగుల బంధువుల చేతికే యిచ్చిరి. నూటికి 30 మంది చనిపోవుచుండిన చోట ఆ సంఖ్య 4 లోపునకు దిగినది. ఆ పని చేసినవారు చదువుకొన్న నర్సులు కారు. తల్లులు, అక్కలు, అన్నలు. నేడు మనము ఓ.ఆర్.ఎస్. అని పిలుచు పొట్లము అదే వంశములోనిది. ఒక లీటరు శుభ్రమైన నీళ్లలో ఒక పొట్లము కలుపవలెను. పొట్లము దొరకనిచో లీటరు నీళ్లకు ఆరు చెంచాలు సమముగా చక్కెర, అర చెంచా ఉప్పు. తల్లిపాలు మానరాదు. నీళ్లు తగ్గింపరాదు. దానితోకూడ జింకు బిళ్లలు 14 దినములు ఇప్పింపవలెను.

బిడ్డను వెంటనే తీసికొనిపోవలసిన గురుతులును గలవు. పాలు గాని నీళ్లు గాని త్రాగలేకపోవుట, త్రాగినదంతయు కక్కివేయుట, ఫిట్స్ వచ్చుట, మగతగా పడియుండి లేవకపోవుట. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కనబడినను తెల్లవారువరకు ఆగరాదు. దగ్గు జ్వరములలో ఊపిరి లెక్కింపవలెను. రెండు నెలల లోపు బిడ్డ నిమిషమునకు 60 గాని అంతకు మించిగాని, సంవత్సరము లోపు బిడ్డ 50 గాని మించిగాని, ఐదేండ్ల లోపు బిడ్డ 40 గాని మించిగాని ఊపిరి తీసినను, డొక్కలు ఎగురవేసినను అది పడిశము కాదు, ఊపిరితిత్తుల జబ్బు. దీనిని తెలిసికొనుటకు యంత్రమేమియు అక్కరలేదు. గడియారమును, బిడ్డ చొక్కా పైకెత్తి చూచు తల్లియు చాలును.

అయితే తెలిసినంత మాత్రమున కాదు. రెండవ గడప సెలవు. షూనేమీయురాలు ఘనురాలు, కలిగిన యింటి స్త్రీ. అయినను గాడిదను అడుగవలసి వచ్చెను, ఎందుకని ప్రశ్నింపబడెను. మన కోడండ్రు ఎంతటివారు! ఈ సెలవు లేమి ఎంత ప్రాణాపాయమో మన మిషను చరిత్రయే సాక్ష్యమిచ్చుచున్నది. 1890ల ప్రాంతమున తిండివనములో ఒక్క రాత్రి ముగ్గురు మగవారు వేర్వేరుగా ఐడా స్కడ్డరు అను యువతి దగ్గరకు వచ్చి, తమ భార్యలు కాన్పుకాక బాధపడుచున్నారని పిలిచిరి. ఆమెకు వైద్యము రాదు. ఆమె తండ్రి డాక్టరు. కాని మగడాక్టరును లోపలికి రానిచ్చుటకు ఆ ముగ్గురును ఒప్పుకొనలేదు. తెల్లవారునప్పటికి ముగ్గురు తల్లులును చనిపోయిరి. మందు అడుగుల దూరములోనే యుండెను, సెలవు లేకపోయెను. ఆమె పోయి వైద్యము చదివి తిరిగివచ్చి, 1900లో వేలూరులో చిన్న వైద్యశాల పెట్టి, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల తెరచినది. మన గుంటూరులో అంతకు మునుపే, 1883లో, డాక్టర్ అన్నా కుగ్లరుగారు వచ్చి, 1898లో స్త్రీలకు బిడ్డలకు ఆసుపత్రి తెరచిరి. ఆడడాక్టరున్నారని తెలిసిన మీదట ఘోషా ఇండ్ల తలుపులును తెరువబడినవి.

నేడు ఘోషా తగ్గినది గాని అత్తమాట, మగనిమాట తగ్గలేదు. అత్తలను నిందించుట నా ఉద్దేశము కాదు. ఆమె తన కాలములో ఇంతమంది బిడ్డలను ఆ ఆకుపసరులతోనే పెంచినది. చనిపోయినవారిని లెక్కలో వేయుట ఆమెకెవరును నేర్పలేదు. అందుచేత బిడ్డల ఆరోగ్యమును గూర్చి కోడలికి మాత్రమే చెప్పి ఊరకుండుట వ్యర్థము. అత్తకు చెప్పవలెను, మగనికి చెప్పవలెను. 1979లో జాన్ కాల్డ్‌వెల్ అను పండితుడు నైజీరియా దేశపు లెక్కలను పరిశీలించి, తల్లి చదువుకొన్న యింట బిడ్డల చావులు తక్కువయని చూపెను. కేవలము డబ్బు ఎక్కువగుటచేత కాదనియు, చదివిన తల్లి మాటకు ఇంటిలో విలువ పెరుగుటయు ఒక కారణమనియు ఆయన వివరించెను. కుమార్తెను బడికి పంపువాడు, ఇంకను పుట్టని తన మనుమలకు మందు పోయుచున్నాడు.

ఇక్కడ ఇంకొక మాట. మగబిడ్డకు జ్వరము వచ్చిన ఆ సాయంత్రమే బండి కట్టు చేతులు, ఆడబిడ్డకు వచ్చిన మూడు దినములు చూచును. ఇది మన దేశమంతట కనబడు రోగము. మన సంఘములలోను గలదు. సమాజమందిరపు అధికారియైన యాయీరు ఎవరికొరకు ప్రభువు పాదములమీద పడెనో జ్ఞాపకము చేసికొనుడి. పండ్రెండేండ్ల కుమార్తె కొరకు. జనసమూహము చూచుచుండగా ఒక పెద్దమనిషి ఆడపిల్ల ప్రాణముకొరకు నేలమీద పడెను.

మూడవ గడప గాడిద. దారియును, డబ్బును, కూలియును ఇందులోనివే. ఫిబ్రవరి, మార్చి నెలలలో మా ప్రాంతమున మిరపకోతలు. కర్నూలు జిల్లానుండి కుటుంబములు కుటుంబములుగా వచ్చి చేలగట్లమీద గుడిసెలు వేసికొందురు. ఒక సంవత్సరము అట్టి గుడిసెలో ఒక తల్లి, ఎనిమిది నెలల బిడ్డ డొక్కలు ఎగురవేయుచుండగా, మిరప ఘాటుకు దగ్గు వచ్చినదనుకొని రెండు దినములు చేనిగట్టుననే చీరె ఊయెలలో వేసి పని చేసినది. మా సంఘపు స్త్రీలు ఆ త్రోవన పోవుచు చూచి నాకు చెప్పిరి. నేను పోయి ఆసుపత్రికి పోవలదా అనగా, "ఈడ ఆసుపత్రి యాడుందో మాకేం తెలుసు సామీ, పోతే ఈ పూట కూలి పోతాది, పెద్దపాపను ఎవరికాడ ఇడిసేది" అనెను. ఆ మూడు మాటలలో ఎంత గ్రంథమున్నది! త్రోవ తెలియదు, కూలి పోవును, ఇంకొక బిడ్డను చూచువారు లేరు. ఆసుపత్రిలో మందు ఉచితమే. కాని ఆసుపత్రికి పోవుట ఉచితము కాదు. మా స్త్రీలలో ఒకామె పెద్దపాపను తన యింట ఉంచుకొనెను. మేము ఆటోలో తల్లిని బిడ్డను తీసికొనిపోయితిమి. దేవుని కృపచేత ఆ బిడ్డ బ్రతికి, కోతలు ముగియునప్పటికి ప్రాకుచుండెను.

ఊరి ఆర్.ఎం.పి. దగ్గరకు తల్లులెందుకు పోవుదురని పెద్దలు విసుగుకొందురు. ఆయన నడక దూరములో నుండును, అర్ధరాత్రి లేచివచ్చును, అప్పు పెట్టును, "ఏమ్మా, ఏమైంది" అని మంచిమాట అడుగును. ఆయన ఇచ్చు సూది మందు అనేకసార్లు అక్కరలేనిదే, కొన్నిసార్లు అపాయకరమును. కాని ఆయన గాడిద తల్లి గుమ్మములో నిలిచియున్నది. దూరముననున్న పెద్దాసుపత్రికంటె దగ్గరనున్న మంచిమాట బలమైనది. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రములో 108 అంబులెన్సులు మొదలైనప్పుడు, ఆ సంవత్సరములలోనే ఆశా కార్యకర్తలు ఊళ్లలోనికి వచ్చినప్పుడు, ఈ గడప చాలమందికి తగ్గినది. అయినను మన్యములో కొన్ని కొండ గూడెములకు బండి పోవు బాట లేక, రోగిని డోలీలో మోసికొనివచ్చు చోటులు ఇంకను గలవు. మైదానములో నున్న మనము ఆ బిడ్డలను ప్రార్థనలో మరువరాదు.

నాలుగవ గడప గేహజీ. అతడు చెడ్డ ఉద్దేశముతో ఆమెను త్రోయలేదు. తన యజమానుని మర్యాద కాపాడుచున్నాననుకొనెను. చీటీ కిటికీలోని గుమాస్తా, గదిముందర నిలుచు మనిషి, రాత్రియంతయు నిద్రలేని నర్సు, వీరును చెడ్డవారు కారు. ఒక్కొక్కరికి నూరుమంది రోగులు. కాని మాసినచీరె కట్టిన తల్లిని "ఇన్నాళ్లు గాడిదలు కాస్తున్నావా" అని కసిరినచో, ఆ మాట ఆమెను ఇంటివరకు వెంబడించును. మరుసటి బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు ఆమె మొదట జ్ఞాపకము చేసికొనునది ఆ మాటనే. ఒక్క కసురు ఒక ఊరినంతటిని ఆసుపత్రికి ఆరునెలలు దూరము చేయగలదు. కుగ్లరుగారి ఆసుపత్రిని ప్రజలు తమదిగా ఎంచుటకు వైద్యమొక్కటే కారణము కాదు. తన యింటివారికి అక్కడ జరిగిన మేలును తలంచి ఏలూరు జమీందారుగారు రోగుల బంధువులు దిగుటకు ఆసుపత్రి దగ్గర సత్రము కట్టించిరి. తోడు వచ్చినవారు ఎక్కడ పండుకొందురు, ఎక్కడ వండుకొందురు అని ఆలోచించుటయు చికిత్సలో భాగమే. మన సంఘ బిడ్డలలో నర్సులుగా పనిచేయు సహోదరీలు చాలమంది యున్నారు. అమ్మా, మీరు కూర్చున్న చోటు ప్రవక్త పాదములకును తల్లికిని నడుమ నున్న చోటు. విడువుమని ప్రవక్త చెప్పిన మాట మీతో చెప్పబడినది.

ఇప్పుడు కాపరులమైన మనతో ఒక మాట. ఈ చరిత్రలో ఎలీషా మొదట తన కర్రను గేహజీచేత పంపెను. కర్ర బిడ్డ ముఖముమీద పెట్టినను శబ్దము లేదు. తల్లి మాత్రము ప్రవక్తను విడిచి కదలలేదు. చివరకు ఆయన లేచి, ఆమె వెంట నడిచి, లోపలికి పోయి ప్రార్థించి, బిడ్డమీద పరుండి వాని శరీరమును వెచ్చపరచెను. నడుచుట, ప్రార్థించుట, వెచ్చపరచుట, మూడును జరిగినవి. రాత్రి పండ్రెండు గంటలకు ఫోనులో ప్రార్థనచేసి, నూనె సీసా పంపి, తిరిగి నిద్రించుట కర్ర పంపుటయే. రోగిని నూనెతో అంటి ప్రార్థింపవలెనని యాకోబు వ్రాసెను, నిజమే. హిజ్కియా రాజు ఏడ్చి ప్రార్థించినప్పుడు దేవుడు ఆ ప్రార్థన వినెను. అయినను యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్దను పుండుమీద వేయుమని చెప్పెను. ప్రార్థన విన్న దేవుడే ముద్దను చెప్పించెను. స్వస్థత కూటము వచ్చువారమున్నది, అంతవరకు మందు ఆపుదుమని చెప్పువాడు విశ్వాసమును బోధించుట లేదు; బిడ్డకును వైద్యునికిని నడుమ గేహజీయై నిలుచుచున్నాడు. జబ్బు బిడ్డ యింటిలో ప్రార్థన చిన్నదిగా నుండవలెను, చెప్పులు కాళ్లకుండవలెను.

ఇవన్నియు వినిన పిమ్మట కొందరు నిరాశపడుదురేమో. నిరాశకు కారణము లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారము, 1992-93లో మన దేశమున పుట్టిన ప్రతి 1000 మంది బిడ్డలలో ఇంచుమించు 109 మంది ఐదేండ్లు నిండకముందే చనిపోవుచుండిరి. 2019-21 నాటికి అది 42కు దిగినది. టీకాలు, బడులు, బాటలు, అంగన్‌వాడీలు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు, వీటన్నిటి వెనుక లక్షలాది తల్లుల కాళ్ల పరుగు. ఇదంతయు కలిసి ఆ సంఖ్యను దింపినది. కాని 42 అనునది సున్న కాదు. సమాధి దగ్గర నిలిచినవానికి ఒక్కటియే నూరుతో సమానము.

మరి సంఘమేమి చేయగలదు? మా స్త్రీల సమాజము చేసినదానిని చెప్పెదను. పెద్ద కార్యము కాదు. మన సంఘములలో అన్నము వండునప్పుడెల్ల పిడికెడు బియ్యము దేవునికని తీసిపెట్టు మంచి అలవాటు పూర్వమునుండి యున్నది. ఆ బియ్యము అమ్మిన డబ్బులో కొంత భాగమును "గాడిద డబ్బు" అని వేరుగా ఉంచిరి. ఆ పేరు వినినప్పుడు పిల్లలు నవ్వుదురు. ఏ కులమువారి, ఏ మతమువారి బిడ్డకైనను రాత్రివేళ జబ్బుచేసినచో ఆటోకు ఆ డబ్బు ఇచ్చెదరు. తిరిగి ఇమ్మని అడుగరు. ఇద్దరు స్త్రీలు వంతులవారీగా మిగిలిన పిల్లలను చూచెదరు. చదువు వచ్చిన ఒకామె తోడుపోయి చీటీ వ్రాయించును. నెలకొకసారి ఆరాధన ముగిసిన పిమ్మట ఆశా కార్యకర్తను పిలిచి, నేను పైన వ్రాసిన గురుతులను చెప్పించెదము. ఆ పూట అత్తలను ముందు వరుసలో కూర్చుండబెట్టెదము. మగవారు బయటికి పోకుండ తలుపు దగ్గర ఒక పెద్దను నిలిపెదము. మొదట గొణిగిరి, ఇప్పుడు ప్రశ్నలు అడుగుచున్నారు.

ప్రియులారా, షూనేమీయురాలు బయలుదేరినది మధ్యాహ్నము దాటిన పిమ్మట. అప్పటికి బిడ్డ చనిపోయెను. ప్రవక్త యుండుటచేత, దేవుడు దయచూపుటచేత తిరిగి బ్రతికెను. మన డాక్టర్లు చనిపోయినవారిని లేపలేరు. వారు చేయగలిగినదంతయు మధ్యాహ్నము కాకమునుపే. తండ్రి కోత విడిచి తానే బిడ్డను ఎత్తుకొనినచో, నేడెందుకని అడుగక గాడిదను కట్టినచో, తల్లి ఉదయమే బయలుదేరగలదు.

కనుక ఇక మీదట వసారాలో ఆలస్యమైనదేమని ఒక తల్లిని ఎవరైన అడుగగా విన్నచో, ఆమె పక్షముగా మనము మాటలాడుదము. దానికంటె ముందుగా, ఆ ప్రశ్న పుట్టకుండ మన చేతులలోనున్న పని చేయుదము. చిన్నబిడ్డలను తనయొద్దకు రానీయక అడ్డగించిన శిష్యులమీద ప్రభువు కోపపడెను. వారిని ఎత్తుకొని వచ్చు తల్లులకు మనము అడ్డు కాక, త్రోవ చూపువారముగా నుండునట్లు ఆయన మనకు సహాయము చేయును గాక. ఆమేన్.